ఇంటి దగ్గరే పాత అంబాసిడర్‌ను బాగుచేసుకోవడం: ఏ పని ముందు, ఏ పని తర్వాత

పాత అంబాసిడర్‌ను కొని ఇంటికి తెచ్చుకున్నవారిలో చాలామంది మొదటి నెలలోనే రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తారు. ఉత్సాహం కొద్దీ బండి మొత్తాన్ని విప్పేస్తారు, లేదా నేరుగా రంగు వేయించేస్తారు. మొత్తం విప్పినవారి బండి డబ్బాల నిండా నట్లు, బోల్టులుగా మిగిలి, కొన్నేళ్లకు పాత ఇనుము కొనేవాడి చేతికి పోతుంది. ముందే రంగు వేయించినవారు, ఆ తర్వాత అడుగు రేకు కోసి వెల్డింగ్ చేయాల్సి వచ్చినప్పుడు, అదే రంగుకు రెండోసారి డబ్బు పెడతారు. కాబట్టి ఇక్కడ చెప్పేది ప్రధానంగా పనుల వరుస గురించే. ముందు కాగితాలు, తర్వాత ఇంజన్‌లో ప్రాణం ఉందో లేదో చూడడం, ఆపైన బ్రేకులు, రేకు పని, వైరింగ్, అన్నిటికీ చివర రంగు. ఈ వరుసలో, ఒక భాగాన్ని విప్పి, బాగుచేసి, తిరిగి బిగించిన తర్వాతే మరో భాగం జోలికి వెళ్తే, ఆదివారాలు మాత్రమే తీరిక దొరికే ఉద్యోగి కూడా పనిని ఒడ్డుకు చేర్చగలడు.

అంబాసిడర్‌ను ఎంచుకోవడానికి కారణాలు ఉన్నాయి. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనా ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో ఈ బండిని 1950ల చివరి నుంచి 2014 వరకు తయారు చేసింది. అన్నేళ్లలో ముందు గ్రిల్లు, డాష్‌బోర్డు, ఇంజన్లు మారినా బాడీ రూపం పెద్దగా మారలేదు కనుక, ఒక కాలపు తలుపు మరో కాలపు బండికి కొద్ది సర్దుబాటుతో సరిపోయే అవకాశం ఎక్కువ. చాలాకాలం నడిచిన 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌లో కంప్యూటర్ లేదు, సెన్సార్లు లేవు. కళ్లతో చూసి, చేత్తో తాకి తెలుసుకోలేని లోపం అందులో చాలా తక్కువ.

కాగితాలు, తుప్పు

కొనేముందు ఆర్‌సీలోని ఇంజన్ నంబరు, ఛాసీ నంబరు బండి మీది నంబర్లతో అక్షరం అక్షరం సరిపోవాలి. పెట్రోలు బండ్లలో డీజిల్ ఇంజన్ ఎక్కించినవి చాలా ఉన్నాయి. ఆ మార్పు ఆర్‌సీలో నమోదు కాకపోతే అది కాగితం మీద ఒక బండి, రోడ్డు మీద మరో బండి. అమ్మే వ్యక్తి ఎంత మంచివాడైనా అలాంటిదాన్ని వదిలేయడమే మేలు. ఒకప్పటి ప్రభుత్వ వాహనమైతే ఇంకొంచెం జాగ్రత్త పడాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించరు కనుక, బండి ఎప్పుడో వేలంలో ప్రైవేటు వ్యక్తి పేరుకు మారిందా, లేక ఇప్పటికీ శాఖ పేరిటే ఉందా అన్నది ముందే తేల్చుకోవాలి.

మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన కారుకు మరో దారి కూడా ఉంది. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన వింటేజ్ వాహనాల భాగం కింద ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. అది పదేళ్లు చెల్లుతుంది. అయితే ఆ నంబరుతో బండిని రోజువారీ అవసరాలకు తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం, మరమ్మతు వంటి పనులకే రోడ్డెక్కాలి. పైగా బండి అసలు రూపంలోనే ఉండాలి, పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అందుకే డిస్క్ బ్రేకులు పెట్టాలా, మరో ఇంజన్ ఎక్కించాలా అన్న ఆలోచన రాకముందే, బండిని ఏ దారిలో నడపదలచుకున్నారో నిర్ణయించుకోవాలి.

తర్వాత తుప్పు. అంబాసిడర్‌కు లారీలాగా విడిగా ఛాసీ ఫ్రేము లేదు. అడుగు రేకు, తలుపుల కింద పొడవునా ఉండే సిల్ భాగాలు, అడ్డ పట్టీలు కలిసి బండి బరువును మోస్తాయి. కాబట్టి మడ్‌గార్డు మీది తుప్పు చూపుకు మాత్రమే లోపం, సిల్‌లోని తుప్పు ప్రాణానికి సంబంధించినది. ఒక లావుపాటి స్క్రూడ్రైవర్, పలుచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం, టార్చి వెంట తీసుకెళ్లండి. మ్యాట్లు ఎత్తి డ్రైవరు పాదాల కింద, జాకీ పెట్టే చోట్ల, డిక్కీలో స్టెపినీ ఉండే చోట స్క్రూడ్రైవర్ కొసతో గట్టిగా నొక్కి చూడాలి. మంచి రేకైతే ఠంగుమంటుంది, లోపల తిన్నదైతే మెత్తగా దిగుతుంది. అయస్కాంతం పట్టని చోట రంగు కింద ఉన్నది ఇనుము కాదు, పుట్టీ. ముందు సస్పెన్షన్‌లో స్ప్రింగులా మెలితిరిగి పనిచేసే టార్షన్ బార్ల వెనుక కొసలు అడుగున అడ్డ పట్టీకి బిగించి ఉంటాయి. ఆ పట్టీ పొరలు పొరలుగా లేచి ఉంటే ఇంట్లో చేసుకునే పని కాదని తెలుసుకుని వెనక్కి రావాలి. అనంతపురం, కర్నూలు వైపు పొడి నేలల్లో తిరిగిన బండికీ, విశాఖపట్నం, కాకినాడ సముద్రపు గాలిలో పడి ఉన్న బండికీ ఈ విషయంలో చాలా తేడా ఉంటుంది. ఇంజన్ చెడి రేకు బాగున్న బండి, ఇంజన్ బాగుండి రేకు చెడిన బండి పక్కపక్కన ఉంటే, ధర కాస్త ఎక్కువైనా మొదటిదే కొనండి.

పానాల సంగతి

పని మొదలైన రోజే ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. ఈ బండి బ్రిటిష్ వంశానిది కనుక చాలా నట్లు అంగుళాల కొలతల్లో ఉంటాయి. అర అంగుళం నట్టు అంటే 12.7 మిల్లీమీటర్లు, దానికి ఇంట్లో ఉన్న 13 నంబరు పానా వేస్తే పట్టినట్టే ఉండి, గట్టిగా తిప్పగానే నట్టు మూలలు అరిగి గుండ్రమైపోతాయి. ఏడు బై పదహారు నట్టుకు 11 నంబరు ఎక్కదు, 12 వదులుగా ఉంటుంది. ముప్పావు అంగుళం నట్టుకు మాత్రం 19 నంబరు దాదాపు సరిగ్గా సరిపోతుంది. కాబట్టి 7/16 నుంచి 3/4 వరకు అంగుళాల రింగ్ పానాలు, సాకెట్ల సెట్టు కొనడం ఖర్చు కాదు, పొదుపు. తుప్పు పట్టిన నట్ల మీద ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె చల్లి ఉంచితే సగం శ్రమ తగ్గుతుంది.

బండి కిందికి దూరేటప్పుడు జాకీని ఎప్పుడూ నమ్మకూడదు. జాకీతో లేపి, ఇనుప స్టాండ్ల మీద నిలిపి, బండిని చేత్తో ఊపి చూసిన తర్వాతే కిందికి వెళ్లాలి. సిమెంటు ఇటుకలు, బోలు ఇటుకలు చెప్పకుండా పగులుతాయి. వాటిని ఆ పనికి వాడనే వద్దు. విప్పిన ప్రతి భాగాన్నీ విప్పకముందు ఫోనులో ఫోటో తీసి, దాని నట్లను విడి కవర్లో వేసి, కవరు మీద పేరు రాసి ఉంచాలి.

ఇంజన్‌ను లేపడం

ఏళ్ల తరబడి నిలిచిపోయిన బండికి కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టడం అన్నిటికంటే చెడ్డ ఆరంభం. పిస్టన్ రింగులు సిలిండరు గోడలకు పట్టుకుని ఉంటే బలవంతపు కదలికకు విరుగుతాయి. ముందుగా నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండరులో రెండు మూడు చెంచాల పలుచని ఇంజన్ ఆయిల్ పోసి ఒకటి రెండు రోజులు అలాగే వదిలేయాలి. ఆ తర్వాత బండిని టాప్ గేరులో పెట్టి మెల్లగా ముందుకు వెనక్కు తోసి గానీ, ముందు నుంచి హ్యాండిల్ పెట్టి గానీ ఇంజన్‌ను చేత్తో తిప్పాలి. తిరిగితే సగం గెలిచినట్టే. తిరగకపోతే ఇంకొంచెం ఆయిల్ పోసి ఓపిక పట్టాలి తప్ప బలం చూపకూడదు.

ఈలోగా పాత ఆయిల్ దించి చూడాలి. అది పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు చేరాయని అర్థం. అప్పుడు ఇంజన్ హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ చూడకుండా ముందుకు వెళ్లకూడదు. కొత్త ఫిల్టరు, 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ పోసి, ప్లగ్గులు బయటే ఉంచి, ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా సెల్ఫ్‌తో విడతలు విడతలుగా తిప్పాలి. బేరింగులకు ఆయిల్ చేరకముందే ఇంజన్ అందుకుంటే, ఇన్నేళ్లు ఎండిన బేరింగులు ఆ మొదటి నిమిషంలోనే గీసుకుపోతాయి. తర్వాత కంప్రెషన్ గేజ్ పెట్టి నాలుగు సిలిండర్లనూ కొలిచి రాసుకోండి. అంకె ఎంత అన్నదానికంటే నాలుగూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒకదానిలో తక్కువ వస్తే, అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి: పెరిగితే లోపం రింగుల్లో, పెరగకపోతే వాల్వుల్లో.

వాల్వుల మాట వచ్చింది కనుక టాపెట్ల సర్దుబాటు, అంటే వాల్వు కొసకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందును సరిచేయడం గురించి ఇక్కడే చెప్పాలి. మెకానిక్‌కు అప్పగించకుండా ఎవరైనా స్వయంగా చేసుకోదగిన పని ఇది, చేస్తే ఇంజన్ స్వభావం అర్థమవుతుంది. రాకర్ కవరు విప్పితే వరుసగా ఎనిమిది వాల్వులు కనిపిస్తాయి. రేడియేటర్ వైపు నుంచి ఒకటి మొదలు ఎనిమిది వరకు లెక్కపెట్టుకోండి. ఈ ఇంజన్‌లో తొమ్మిది లెక్క పనిచేస్తుంది. ఎనిమిదో వాల్వు పూర్తిగా కిందికి దిగి తెరుచుకుని ఉన్నప్పుడు ఒకటో వాల్వును సర్దాలి. ఆరో వాల్వు తెరుచుకుంటే మూడోదాన్ని, నాలుగోది తెరుచుకుంటే ఐదోదాన్ని, ఏడోది తెరుచుకుంటే రెండోదాన్ని. అంటే తెరిచిన వాల్వు, సర్దే వాల్వు కలిపితే ఎప్పుడూ తొమ్మిది రావాలి. 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌లో సందు అంగుళంలో వెయ్యింట 15 వంతులు, అంటే సుమారు 0.38 మిల్లీమీటరు. ఫీలర్ గేజ్ ఆకు రాకర్‌కూ వాల్వు కొసకూ మధ్య కాస్త పట్టుతో జారాలి. అలా జారుతున్నప్పుడు స్క్రూను స్క్రూడ్రైవర్‌తో కదలకుండా పట్టుకుని లాక్ నట్టు బిగించి, మళ్లీ ఒకసారి ఆకు దూర్చి చూడాలి, ఎందుకంటే నట్టు బిగిస్తున్నప్పుడే సందు మారిపోతూ ఉంటుంది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల సందు కూడా దాదాపు ఇంతే, ప్లగ్గులకు 0.025 అంగుళం. సిలిండర్లు మండే వరుస (ఫైరింగ్ ఆర్డర్) 1-3-4-2. ఇసుజు ఇంజన్ ఉన్న 1800 మోడల్‌కూ, డీజిల్ బండ్లకూ ఈ అంకెలు వర్తించవు, వాటి మాన్యువల్ ప్రకారమే చేయాలి.

రేడియేటర్ కడిగించేటప్పుడు థర్మోస్టాట్ ఉందో లేదో చూడండి. మన ఎండలకు అది అక్కర్లేదని తీసిపారేయడం షెడ్లలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ఇంజన్ సరైన వేడికి చేరకపోతే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. వేడెక్కిపోవడానికి అసలు కారణం సాధారణంగా పూడిన రేడియేటర్ గొట్టాలో, వదులైన ఫ్యాన్ బెల్టో అయి ఉంటుంది. దాన్ని సరిచేసి థర్మోస్టాట్‌ను తిరిగి పెట్టించాలి.

పెట్రోలు విషయంలో ఈ బండి పుట్టిన కాలానికీ ఇప్పటికీ రెండు తేడాలు వచ్చాయి. మన దేశంలో 2000లో సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. ఆ సీసమే పాత పోత ఇనుప హెడ్డులోని వాల్వు సీట్లకు రక్షణగా ఉండేది. టాపెట్ సందు సర్దిన కొద్దిరోజులకే ఎగ్జాస్ట్ వాల్వుల దగ్గర మళ్లీ మళ్లీ తగ్గిపోతుంటే సీటు లోపలికి అరుగుతోందని అర్థం. హెడ్డు ఎలాగూ దించినప్పుడు లేత్ షాపులో గట్టి సీట్లు వేయించుకోవాలి. రెండోది ఇథనాల్. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను, పంపు డయాఫ్రమ్‌ను, కార్బురేటర్ వాషర్లను ఉబ్బించి మెత్తబరుస్తుంది. ఇథనాల్‌ను తట్టుకునే రకం గొట్టాలు, కొత్త డయాఫ్రమ్ వేసిన తర్వాతే బండిని క్రమంగా నడపాలి. ఇథనాల్ గాలిలోని తేమను లాగుతుంది కనుక, నెలల తరబడి బండి తీయకపోతే ట్యాంకు అడుగున నీరు చేరి ఇనుము తుప్పు పడుతుంది. అలా పక్కన పెట్టేటప్పుడు పెట్రోలు దించేయడం మంచిది.

బ్రేకులు

ఇంజన్ మోగిన ఆనందంలో వీధి చివరిదాకా ఒక్క చుట్టు తిప్పుదామన్న కోరిక పుడుతుంది. బ్రేకులు పూర్తయ్యేదాకా ఆ కోరికను అణచుకోవాలి. పాత బండ్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. చూడడానికి బాగున్నా సరే, రబ్బరు హోసులు అన్నీ కొత్తవి వేయాలి. పాత హోసు లోపలి పొర ఊడి, ఫ్లూయిడ్‌ను వెళ్లనిచ్చి వెనక్కి రానివ్వకపోతే బ్రేకు పట్టేసి ఉండిపోతుంది. వీల్ సిలిండర్ల లోపలి గోడలో గుంటలు కనిపిస్తే గరుకు కాగితంతో రుద్ది సరిపెట్టకుండా సిలిండరునే మార్చాలి. రబ్బరు కప్పులను పెట్రోలుతో, కిరోసిన్‌తో కడగకూడదు, ఉబ్బిపోతాయి. బ్రేక్ ఫ్లూయిడ్‌తోనే తుడవాలి. పాత లైనింగుల పొడిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కనుక గాలి కొట్టి ఎగరేయకుండా, మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయాలి.

బ్రేకు గొట్టాల్లో చిక్కిన గాలి తీసేటప్పుడు, పెడల్ నుంచి ఫ్లూయిడ్‌ను తోసే మాస్టర్ సిలిండరుకు ఎక్కువ దూరంలో ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి: మొదట ఎడమ వెనుక చక్రం, తర్వాత కుడి వెనుకది, ఆపైన ముందు ఎడమ, చివర ముందు కుడి. ఒకరు పెడల్ తొక్కుతుండగా మరొకరు చక్రం దగ్గర గాలి వదిలే నిపిల్ విప్పి మూయాలి. రిజర్వాయరులో ఫ్లూయిడ్ అడుగంటకుండా చూసుకోవాలి. పని అంతా మీరే చేసినా, రోడ్డెక్కే ముందు అనుభవం ఉన్న మెకానిక్‌తో ఒకసారి చూపించుకోవడం చిన్నతనమేమీ కాదు.

రేకు పని

ఇంట్లో చేసే రెస్టొరేషన్‌లో ఎక్కువ కాలం, ఎక్కువ ఓపిక తీసుకునేది ఇదే. రేకు పని సొంతంగా నేర్చుకోవచ్చు గానీ, రోజు కూలికి టింకరింగ్ మేస్త్రీని ఇంటికి పిలిపించి పక్కన నిలబడి చేయించుకోవడం చాలామందికి అనుకూలం. అయితే షెడ్లలో సాధారణంగా జరిగే పద్ధతి ఏమిటంటే, తుప్పు తిన్న రేకు మీదే కొత్త ముక్క పెట్టి గ్యాస్ వెల్డింగ్‌తో అతికి, పైన పుట్టీ మెత్తడం. అది రెండు వానాకాలాలు దాటదు, ఎందుకంటే తుప్పు రెండు రేకుల మధ్య చిక్కుకుని ఇంకా వేగంగా తింటుంది. మొదటిరోజే స్పష్టంగా చెప్పాలి: ‘‘అన్నా, పైన అతుకు వద్దు. మంచి రేకు తగిలేదాకా కోసేయండి, ఎంత పెద్ద ముక్క అయినా పర్లేదు.’’ పలుచని రేకుకు గ్యాస్ కంటే, కరెంటుతో సన్నని తీగను కరిగించి అతికే మిగ్ వెల్డింగ్ మేలు; వేడి తక్కువ చోటికే పరిమితమై రేకు వంకర తిరగదు. ఒకే చోట ఏకధాటిగా లాగకుండా, దూరదూరంగా చుక్కలు పెడుతూ చల్లారనిస్తూ కలుపుకుంటూ రావాలి.

సిల్ కోయాల్సి వచ్చినప్పుడు మాత్రం తొందరపడితే బండి ఆకారమే పోతుంది. బండి బరువు సమానంగా ఆనేలా నేల మీద సర్దుకుని, కోయబోయే వైపు తలుపు తీసేసి, తలుపుకు అటూ ఇటూ నిలువుగా ఉండే ముందు పిల్లర్‌కూ మధ్య పిల్లర్‌కూ నడుమ ఇనుప పైపును తాత్కాలికంగా అడ్డంగా బిగించాలి. తలుపు సందులు పై మూల, మధ్య, కింది మూల దగ్గర ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నాయో కోతకు ముందే కొలిచి గోడ మీద రాసుకోవాలి. ఒక వైపు పూర్తిగా వెల్డ్ చేసి, తలుపు పెట్టి, ఆ కొలతలే వస్తున్నాయని చూసుకున్న తర్వాతే రెండో వైపు కోయాలి. రెండు వైపులా ఒకేసారి కోసిన బండిలో తలుపులు ఆ తర్వాత ఎంత సర్దినా సరిగా పడవు.

వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు విప్పడం, పెట్రోలు ట్యాంకును బండి నుంచి దించి దూరంగా పెట్టడం, మంటలార్పే సిలిండరు, నీళ్ల బకెట్ దగ్గర ఉంచుకోవడం తప్పనిసరి. ట్యాంకుకే చిల్లు ఉంటే దాన్ని ఇంట్లో వెల్డ్ చేయకూడదు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం. టార్షన్ బార్లను కూడా, వాటిలోని బిగువు ఎలా తీయాలో తెలిసినవారు పక్కన లేకుండా విప్పవద్దు.

వైరింగ్

పాత వైర్ల మీది గుడ్డ పొర, రబ్బరు పొడిపొడిగా రాలుతుంటే అతుకులు వేసే బదులు మొత్తం హార్నెస్ (వైర్ల కట్ట) మార్చడమే మంచిది. బ్రిటిష్ కంపెనీ లూకాస్ వైర్లకు పెట్టిన రంగుల పద్ధతి తెలిస్తే పని తేలిక: గోధుమ రంగు బ్యాటరీ నుంచి నేరుగా, తెలుపు ఇగ్నిషన్ తాళం తర్వాత, ఆకుపచ్చ ఇగ్నిషన్ ఫ్యూజు దాటాక, నీలం హెడ్‌లైట్లకు, ఎరుపు సైడ్ లైట్లకు, నలుపు ఎర్త్‌కు. బాగా పాత బండ్లలో బ్యాటరీ ప్లస్‌ను బాడీకి కలిపే పద్ధతి ఉండేది కనుక, కొత్త బ్యాటరీ పెట్టేముందు ఏ తీగ బాడీకి బిగించి ఉందో తప్పక చూడాలి. లైట్లు మసకగా వెలిగితే బల్బు మార్చే ముందు ఎర్త్ బిగించిన చోట రంగు, తుప్పు గీకి చూడండి. పది సార్లలో ఎనిమిది సార్లు లోపం అక్కడే ఉంటుంది.

విడిభాగాల కోసం విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ మొదట తిరగాలి. అక్కడ దొరకని బీడింగులు, బ్యాడ్జీలు, పాత మోడల్ గ్రిల్లు ముక్కలు చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్‌లలో కనిపిస్తాయి. పాత భాగాన్ని చేతిలో పట్టుకుని వెళ్లడం ఉత్తమం. ఫోటో చూపిస్తే దగ్గరి పోలికది అంటగడతారు.

రంగు

వెల్డింగ్ అతుకులన్నీ గ్రైండ్ చేసి, రేకును శుభ్రం చేసిన రోజే ఎపాక్సీ ప్రైమర్ పడాలి. తేమ గాలిలో ఒక్క రాత్రి వదిలినా ఎర్రటి పొర వచ్చేస్తుంది. పుట్టీని గుంటలు నింపడానికి పలుచగా వాడాలి, ఆకారం కట్టడానికి కాదు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కనుక పొడిగా రుద్దకుండా నీటి కాగితంతో రుద్దాలి, మాస్కు తీయకూడదు.

ఆఖరి రంగును మాత్రం ఇంట్లో వేయవద్దనే నా అభిప్రాయం. ఇప్పుడు వాడే 2కె రంగుల్లో (రంగు, హార్డెనర్ రెండూ కలిపి వాడేవి) హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. మామూలు మాస్కు ఆపలేని ఆ ఆవిరి ఊపిరితిత్తులకు శాశ్వత హాని చేయగలదు, ఇరుగుపొరుగు ఇళ్లలోకీ వెళ్తుంది. ప్రైమర్ వరకు మీరు చేసి, రంగుకు బూత్ ఉన్న షాపుకు పంపండి. కోస్తా జిల్లాల్లో వానాకాలంలో పాత రకం ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు వేయిస్తే తేమ వల్ల తెల్లటి మసక పొర వస్తుంది. సంక్రాంతి తర్వాత పొడి రోజులు చూసుకోవడం మంచిది. తెలుపు బండిని మరో రంగుకు మారుస్తుంటే ఆర్‌టీఓ కార్యాలయంలో ముందే అడిగి, ఆర్‌సీలో కొత్త రంగు నమోదు చేయించుకోవాలి.

రంగు ఆరిన వారం తర్వాత సిల్ లోపల, తలుపుల అడుగున, పిల్లర్ల కింద సన్నని గొట్టంతో మైనపు తరహా తుప్పు నిరోధకాన్ని స్ప్రే చేయించాలి. ఆ తర్వాత తలుపుల అడుగున ఉండే నీటి రంధ్రాలను ఒక్కొక్కటిగా పుల్లతో పొడిచి చూడండి. రంగుతోనో మైనంతోనో మూసుకుపోయిన రంధ్రం ఒక్కటి మిగిలినా, వచ్చే వానకు ఆ తలుపులో నీళ్లు నిలుస్తాయి.